ఆగస్టు వానల్లో మూడు రోజుల హైదరాబాద్: పెద్దవాళ్లతో, పిల్లలతో ఎలా తిరగాలి?

ప్రశ్న: ఆగస్టు రెండో వారంలో శుక్రవారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, ఆదివారం రాత్రి రైలుకి రాజమండ్రి తిరిగి వెళ్లాలి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (పదేళ్లు, ఆరేళ్లు), అమ్మా నాన్న వస్తున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, జూ, ఫిల్మ్ సిటీ చూడాలని అనుకున్నాం. ఆ రోజుల్లో వానలు ఎక్కువని అందరూ భయపెడుతున్నారు. టికెట్లు క్యాన్సిల్ చేసుకోవాలా? ఎక్కడ దిగితే మంచిది? ఏది ఏ రోజు చూడాలి?

సమాధానం:

క్యాన్సిల్ చేసుకోకండి. బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలకి హైదరాబాద్ చూపించడమే పదహారేళ్లుగా నా పని. పెద్దవాళ్లని ఏప్రిల్, మే ఎండల్లో గోల్కొండకి తీసుకెళ్లడం కన్నా ఆగస్టు మబ్బుల్లో తీసుకెళ్లడమే నాకు ఇష్టం. కాకపోతే మీరు రాసిన జాబితాతో మాత్రం రావద్దు. అందులో కొన్ని తీసేయాలి, మిగిలినవాటి వరస మార్చాలి.

ముందు ఇక్కడి వాన గురించి చెబుతాను. హైదరాబాద్‌లో వాన ముఖ్యంగా రెండు రకాలుగా పడుతుంది. ఒకటి ముసురు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు రెండు మూడు రోజులు సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఇది మామూలే. దీనివల్ల ఊరు ఆగిపోదు, గొడుగు వేసుకుని హాయిగా తిరగొచ్చు. రెండోది కుండపోత. పొద్దుటి నుంచి ఉక్కపోసి, మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి, గంట గంటన్నరలో ఊరంతా నీళ్లమయం చేసి పోతుంది. అది కూడా అన్ని చోట్లా ఒకేలా పడదు. కూకట్‌పల్లిలో రోడ్డు కనపడనంత వాన పడుతుంటే ఎల్బీ నగర్‌లో చుక్క రాలదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే కుండపోత ఎక్కువగా ఏ వేళకి వస్తుందో కొంత తెలుసు కాబట్టి, మన ప్లాన్ దాని చుట్టూ వేసుకోవచ్చు.

వానాకాలంలో ఇక్కడికి వచ్చేవాళ్లు తడుస్తామేమో అని భయపడతారు. నిజానికి వాళ్ల రోజుని పాడుచేసేది తడవడం కాదు, రోడ్డు. గట్టి వాన పడితే రైల్వే వంతెనల కింద, నాలాల పక్కన నీళ్లు నిలిచిపోతాయి. పది కిలోమీటర్లకి రెండు గంటలు పడుతుంది. క్యాబ్ రేటు పెరుగుతుంది, బుక్ అయిన క్యాబ్ కూడా క్యాన్సిల్ అవుతుంది. ఆరేళ్ల పిల్లాడితో, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో రోడ్డు పక్కన నిలబడి క్యాబ్ కోసం ఎదురుచూడటం కన్నా కష్టం ఇంకోటి లేదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. ఒక రోజుకి ఊళ్లో ఒక వైపే పెట్టుకోండి. బయట తిరిగి చూసేది ఏదైనా పొద్దున్నే ముగించి, దానికి దగ్గర్లోనే పైకప్పు ఉన్న చోటు ఒకటి మధ్యాహ్నానికి ఉంచుకోండి. సాయంత్రం 5 నుంచి 9 దాకా దూర ప్రయాణం అసలు పెట్టుకోకండి.

బస కూడా అందుకు తగ్గట్టే చూసుకోవాలి. గది ఎంత బాగుందన్నది తర్వాత, ముందు మెట్రో స్టేషన్ ఎంత దగ్గరో చూడండి. మన మెట్రో మొత్తం పిల్లర్ల మీద నడుస్తుంది, కింద రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నా రైలు పోతూనే ఉంటుంది. అమీర్‌పేటలో మియాపూర్–ఎల్బీ నగర్ లైను, నాగోల్–రాయదుర్గం లైను కలుస్తాయి. కాబట్టి అమీర్‌పేట గానీ బేగంపేట గానీ మీకు సరిపోతుంది. స్టేషన్ నుంచి నడిచి ఐదు నిమిషాల్లో చేరగలిగే హోటల్ చూసుకోండి. లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి. ఐటీ ఆఫీసులున్న వైపు, అంటే గచ్చిబౌలి, మాదాపూర్‌లలో దిగొద్దు. సాయంత్రం నాలుగింటికి వాన మొదలైతే ఆ వైపు రోడ్ల మీద బళ్లు కదలవు.

ఇప్పుడు మీ రోజుల విషయం. మీరు దిగేది శుక్రవారం. బయటి ఊరివాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, ఈ నాలుగింటికీ శుక్రవారమే సెలవు. పైగా మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజుకి వేలమంది వస్తారు, చార్మినార్ చుట్టూ బండి కదలదు. వాన పడితే తలదాచుకుందామనుకున్న చోట్లన్నీ ఆ ఒక్క రోజే మూసి ఉంటాయి. కాబట్టి శుక్రవారం పాతబస్తీ వైపు పోకండి.

రాత్రంతా ప్రయాణం చేసి శుక్రవారం పొద్దున దిగుతారు కాబట్టి పదింటిదాకా విశ్రాంతి తీసుకోండి. తర్వాత మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, ఆటోలో బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడి ప్లానెటేరియం 1985లో మొదలైంది. తెలుగు షో, ఇంగ్లిష్ షో వేర్వేరు వేళల్లో ఉంటాయి. తెలుగు షో ఎప్పుడో ముందు కనుక్కుని దాన్నిబట్టి బయలుదేరండి, అమ్మానాన్నలు కూడా ఇష్టంగా చూస్తారు. పక్క భవనంలో డైనోసార్ అస్థిపంజరం ఉంది, మీ పిల్లలు దాని దగ్గర నుంచి కదలరు. మధ్యాహ్నం ఇక్కడే గడిచిపోతుంది.

బిర్లా మందిర్ పక్కనే, నౌబత్ పహాడ్ మీద ఉంది. ఎక్కడ జారుతుందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ముందే తెలిస్తే వానలో అంత బాగుండే గుడి ఇంకోటి లేదు. తెల్లటి పాలరాయి మొత్తం కడిగినట్టు మెరుస్తుంది, కింద హుస్సేన్ సాగర్ మబ్బు రంగులో కనపడుతుంది. కానీ చెప్పులు విప్పి, తడిసిన పాలరాతి మీద నడవాలి. అమ్మగారి చేతిని మీరో మీ ఆవిడో పట్టుకునే ఉండండి. ఒక చిన్న తువ్వాలు తీసుకెళ్తే మెట్ల దగ్గర పాదాలు తుడుచుకోవచ్చు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కౌంటర్‌లో ఇవ్వాలి. మధ్యాహ్నం కొంతసేపు గుడి మూసేస్తారు, కాబట్టి నాలుగు గంటల ప్రాంతంలో వెళ్లడం మంచిది. వాన గట్టిగా ఉంటే గుడిని ఆదివారానికి మార్చుకోండి, దానికి సమయం ఉంది.

సాయంత్రం వాన లేకపోతే ట్యాంక్‌బండ్. హుస్సేన్ సాగర్ మధ్యలోని బుద్ధుడి విగ్రహం ఒకే రాయి. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే నీళ్లలో మునిగిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఈ సంగతి పిల్లలకి ఒడ్డునే నిలబెట్టి చెప్పండి. గాలీ వానా ఉన్నప్పుడు పడవలు నడపరు, నడిపినా ఎక్కొద్దు. ఒడ్డున నిలబడి చూసినా తృప్తిగానే ఉంటుంది.

శనివారం పాతబస్తీ. మీ మూడు రోజుల్లో ఇదే అసలు రోజు. వాన పడినా ఆగనక్కర్లేనిది కూడా ఇదే. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్ చేరడానికి పది పదిహేను నిమిషాలు. పది గంటలకి తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండండి. బ్యాగులు, గొడుగులు క్లోక్‌రూమ్‌లో ఇచ్చేసి, అమ్మగారి కోసం వీల్‌చెయిర్ అడగండి. మొహమాటపడకండి. ఆ మ్యూజియం చాలా పెద్దది, బాగా నడిచేవాళ్లకి కూడా మధ్యాహ్నానికి కాళ్లు లాగుతాయి.

అన్నీ చూడాలని పెట్టుకోకండి. ముందు మేలిముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. సన్నటి తడిబట్ట ముఖానికి అతుక్కున్నట్టు ఉంటుంది, కానీ అంతా రాయే. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఆ ముసుగు మడతల దగ్గర ఆగిపోతాను. తర్వాత ముందు ఒకలా, వెనక మరోలా ఉండే చెక్క బొమ్మ. ఒక వైపు జర్మన్ ఫౌస్ట్ కథలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, ఇంకో వైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా, వెనకాల అద్దం పెట్టి ఉంటుంది. ఆ తర్వాత గంటల గడియారం. ప్రతి గంటకీ గడ్డం మనిషి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కొడుతుంది కాబట్టి జనం అప్పుడే ఎక్కువగా వస్తారు. పదకొండు నలభైకే వెళ్లి బెంచీల మీద కూర్చోండి, పిల్లలకి బాగా కనపడుతుంది. ఇవి మూడూ చూసి, దంతపు వస్తువుల గది, ఆయుధాల గది చూస్తే మీకు ఆ పూటకి చాలు.

అక్కడి నుంచి బయటికి రాగానే మూసీ ఉంటుంది. వానల్లో వచ్చినవాళ్లకి ఈ ఊరి గురించి నేను తప్పకుండా చెప్పే విషయం ఒకటి ఉంది. 1908 సెప్టెంబర్ 28న ఈ నది పొంగి ఊరిని ముంచేసింది, వేలమంది చనిపోయారు. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. మళ్లీ అలా జరగకుండా ఆయన వేసిన ప్రణాళిక ప్రకారమే పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మీ పదేళ్ల పాపకో బాబుకో ఇది అక్కడే చెప్పండి. చరిత్ర పుస్తకంలో చదివితే గుర్తుండదు, నది పక్కన నిలబడి వింటే మర్చిపోరు. ఇప్పటికీ పైనున్న ఆ రెండు చెరువులు నిండి గేట్లు ఎత్తితే మూసీ మీద ఎత్తు తక్కువ వంతెనలు మూసేస్తారు, ట్రాఫిక్ అంతా మిగతా వంతెనల మీదికి మళ్లుతుంది. ఆ వార్త విన్న రోజు నది దాటి ఆలస్యంగా తిరిగి రావాలని ప్లాన్ పెట్టుకోకండి.

మధ్యాహ్నం భోజనం మదీనా కూడలి దగ్గర చేసి చార్మినార్ వైపు వెళ్లండి. వాన పడుతుంటే ముందు చౌమహల్లా ప్యాలెస్. దర్బారు హాలులో పెద్ద పెద్ద షాండ్లియర్లు, పాత మోటారు కార్లు, నిజాముల బట్టలు, గిన్నెలు చూడటానికి గంటన్నర పడుతుంది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లేటప్పుడు మాత్రం ఆకాశం కింద నడవాలి, గొడుగు చేతిలో ఉండాలి. సాయంత్రం ఐదింటికి మూస్తారు, మూడున్నర దాటకుండా లోపలికి వెళ్లండి. వాన లేకపోతే ముందు చార్మినార్ చూసి తర్వాత ఇక్కడికి రండి. ఈ రెండింటి మధ్య దూరం తక్కువ కాబట్టి వానని చూసి వరస మార్చుకోవచ్చు. శనివారాన్ని అసలు రోజు అన్నది అందుకే.

చార్మినార్ పైకి ఎక్కే మెట్లు ఇరుకు, మెలి తిరిగి ఉంటాయి, తడిస్తే బాగా జారతాయి. అమ్మగారు ఎక్కొద్దు. మెట్లు పొడిగా ఉంటే మీరు పెద్ద పిల్లని తీసుకుని ఎక్కండి. మిగిలినవాళ్లు పక్కనే ఇరానీ హోటల్లో కూర్చుంటారు. వాన చూస్తూ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తినడం కూడా ఊరు చూడటంలో భాగమే. మీ ఆవిడకి లాడ్ బజార్‌లో లక్క గాజులకి గంట సమయం ఇవ్వండి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అక్కడ దుకాణాల ముందు కట్టిన టార్పాలిన్ల మీద నీళ్లు ఆగి ఒక్కసారిగా కింద పోస్తాయి, పిల్లలని లోపలి వైపు నడిపించండి. వాన గట్టిగా మొదలైతే అందరితోపాటు ఆటోల కోసం పరుగెత్తకండి. ఎక్కడున్నారో అక్కడే ఇంకో గంట కూర్చోండి. ఆ గంటలో రోడ్డు మీద సగం ఒత్తిడి తగ్గుతుంది.

ఆదివారం గోల్కొండ. దీన్ని ఆదివారం పొద్దున పెట్టడానికి కారణం ఉంది. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి. మెట్రో అక్కడిదాకా లేదు కాబట్టి ఆ ఒక్క రోజుకి కారు, డ్రైవరుతో సహా మాట్లాడుకోండి. క్యాబ్‌ల మీద ఆధారపడితే తిరిగి వచ్చేటప్పుడు వానలో ఇరుక్కుంటారు. సామాను కూడా కార్లోనే పెట్టుకోవచ్చు. తొమ్మిదింటికి కోట తెరిచే వేళకి అక్కడ ఉండండి.

గోల్కొండ విషయంలో మాత్రం నా మాట వినండి. పైకి వెళ్లడానికి దాదాపు 360 మెట్లు. వందల ఏళ్లుగా కాళ్లు పడి నున్నగా అరిగిన రాళ్లు అవి, వానాకాలంలో పాకురు కూడా పడుతుంది. కొన్నేళ్ల కిందట నా వెంట వచ్చిన ఒక పెద్దాయన, ఎక్కేటప్పుడు బాగానే ఎక్కి, దిగేటప్పుడు సన్నగా తుంపర పడుతుంటే జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కాసేపు పైనే ఆగుదామని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే. రాళ్లు తడిగా ఉంటే అరవై దాటినవాళ్లని పైకి ఎక్కనివ్వను. కింద కూడా చూడాల్సింది చాలా ఉంది. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైదాకా వినపడుతుంది. నాన్నగారు కింద చప్పట్లు కొట్టి, మీరూ పిల్లలూ పైన నిలబడి వింటే అందరూ కలిసి చూసినట్టే. నిజం చెప్పాలంటే ఆగస్టులో గోల్కొండ ఉన్నంత అందంగా ఏ నెలలోనూ ఉండదు. గోడల సందుల్లోంచి గడ్డి మొలిచి, కొండంతా పచ్చగా ఉంటుంది.

ఇంకో ముఖ్య విషయం. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 15 జెండా పండుగ గోల్కొండలోనే చేస్తోంది. దానికి ముందు రోజుల్లో రిహార్సల్స్, ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. మీరు వచ్చేది రెండో వారం కాబట్టి, ఆదివారం కోటలోకి జనాన్ని వదులుతున్నారా లేదా అని శనివారమే కనుక్కోండి. వదలకపోయినా, పొద్దున్నే గట్టి వాన ఉన్నా టెన్షన్ పడకండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఈజిప్టు నుంచి తెచ్చిన నిజమైన మమ్మీ ఉంది. గోల్కొండ మిస్ అయిందని ఏడ్చిన పిల్లలు ఆ మమ్మీని చూశాక కోట మాట ఎత్తకపోవడం నేను చూశాను.

గోల్కొండ అయ్యాక దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులు. గుమ్మటాల లోపలికి వెళ్లి నిలబడితే జల్లు తగలదు. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి తోటలో నడవాలి. అమ్మగారు అలిసిపోతే ఒకటి రెండు చూసి వచ్చేయండి.

ఫిల్మ్ సిటీ ఈసారి వదిలేయండి. ఊరి బయట విజయవాడ హైవే మీద ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. పూర్తి రోజు కావాలి, చూసేదంతా చాలావరకు ఆరుబయటే. అంత టికెట్ పెట్టి బస్సు అద్దంలోంచి వాన చూసి రావడం మీకు బాధ కలిగిస్తుంది. జూ కూడా అంతే. 380 ఎకరాల్లో తిరగాలి, గట్టి వానలో జంతువులు షెడ్లలోకి పోతాయి. చలికాలంలో ఇంకోసారి వచ్చినప్పుడు ఈ రెండూ పెట్టుకోండి.

వాతావరణం ఎలా చూడాలో కూడా చెబుతాను. వారం ముందు ఫోన్‌లో కనపడే వాన గుర్తు చూసి బెంగపడొద్దు. ఆగస్టులో అది రోజూ ఉంటుంది. ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ జిల్లాల వారీ హెచ్చరిక చూడండి. పసుపు రంగు ఉంటే మామూలుగా తిరగండి. నారింజ ఉంటే బయటి చోట్లు తగ్గించి మ్యూజియాలకి మారండి. ఎరుపు ఉంటే ఆ రోజు హోటల్ దాటొద్దు. దారి మధ్యలో ఉన్నప్పుడు, రాబోయే మూడు గంటలకి వాళ్లిచ్చే హెచ్చరికలు పనికొస్తాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి పడిన వానకి పాతబస్తీలోనే ఇళ్లు కూలి ప్రాణాలు పోయాయి. అందుకే ఎరుపు హెచ్చరికని తేలిగ్గా తీసుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిలిచిన నీళ్లలోకి పిల్లలని దింపకండి. మురికి అని కాదు. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి తెలియదు. కరెంటు స్తంభాలని, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచెని తాకనివ్వకండి. నీళ్లు చీలమండ దాటితే వెనక్కి తిరగండి, ఇంకో దారి చూసుకోవచ్చు.

సామాన్ల విషయానికొస్తే, పిల్లలకి రెయిన్‌కోట్లు, పెద్దవాళ్లకి గొడుగులు. పిల్లలని ఎత్తుకోవడానికి, అమ్మగారిని పట్టుకోవడానికి మీ చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి మీరు కూడా రెయిన్‌కోటే వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు, తడి రాయి మీద జారతాయి. వెనక పట్టీ, అడుగున గట్టి గీతలు ఉన్న శాండల్స్ మంచివి. పిల్లలకి ఒక జత పొడిబట్టలు, పెద్దవాళ్ల మందులు జిప్ కవర్లో పెట్టి ఎప్పుడూ మీ బ్యాగులోనే ఉంచండి, హోటల్ గదిలో వదలొద్దు.

ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాత మబ్బు పట్టినట్టు కనిపిస్తే ఉన్నచోటు నుంచే స్టేషన్ వైపు కదలండి. రోడ్డు జామ్ అయిందని తెలిస్తే కారుని దగ్గర్లోని మెట్రో స్టేషన్ దగ్గర వదిలేసి, అమీర్‌పేట మీదుగా సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో దిగండి. రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది. రైలుకి రెండు గంటల ముందు చేరేలా చూసుకుని, రాత్రి భోజనం స్టేషన్ దగ్గరే చేయండి.